నీడ పొట్టిగా ఉంటేనే ‘డి’!

విశాఖపట్నం ఫిషింగ్‌ హార్బర్‌లో పొద్దెక్కేకొద్దీ ఎండుచేపల పని జోరందుకుంటుంది. ఉప్పు పట్టించిన నెత్తళ్లు, కవళ్లు నేల మీద పరిచి ఉంటాయి. తలమీద కొంగు కప్పుకుని ఆడవాళ్లు వాటిని తిరగేస్తుంటారు. బోట్ల మీద మగవాళ్లు చొక్కాల్లేకుండా వలలు బాగుచేసుకుంటుంటారు. ఎండ అందరికీ ఒకటే. కానీ ఆ ఎండ నుంచి ఒంట్లో తయారయ్యే విటమిన్‌ ‘డి’ మాత్రం అందరికీ ఒకేలా ఉండదు. ఇక కిటికీలకు కర్టెన్లు వేసుకుని ఫ్యాను కింద కూర్చునేవాళ్ల సంగతి చెప్పేదేముంది!

‘మీకు విటమిన్‌ డి తక్కువగా ఉంది’ అని డాక్టరు చెబితే చాలామంది నమ్మరు. ‘అదేంటండీ, రోజూ తెల్లారకముందే బీచ్‌రోడ్డులో నడుస్తున్నాగా’ అంటారు. చిక్కంతా ఆ ‘తెల్లారకముందే’లోనే ఉంది.

చర్మంలోనే తయారీ

మన చర్మంలో కొలెస్ట్రాల్‌కి దగ్గరి చుట్టంలాంటి పదార్థం ఒకటుంది. పేరు 7-డీహైడ్రోకొలెస్ట్రాల్‌. ఎండలోని అతినీలలోహిత ‘బి’ కిరణాలు తగలగానే ఇది రూపం మార్చుకుంటుంది. ఆపైన ఒంటి వేడికే విటమిన్‌ డి3 అవుతుంది. అది రక్తంలో కలిసి ముందు కాలేయానికి, తర్వాత మూత్రపిండాలకు చేరుతుంది. ఈ రెండుచోట్లా మరికొంత మారాకే పనిలోకి దిగుతుంది.

ఇంతకీ దాని పనేమిటి? తిన్న ఆహారంలోని కాల్షియాన్ని పేగుల నుంచి రక్తంలోకి చేర్చడం. ‘డి’ చాలకపోతే పాలు తాగినా, రాగిజావ తాగినా అందులోని కాల్షియం చాలావరకు ఒంటికి పట్టదు. పిల్లల్లో ఎముకలు మెత్తబడి దొడ్డికాళ్లు వస్తాయి. దీన్నే రికెట్స్‌ అంటారు. పెద్దల్లో నడుము, తొడలు నొప్పులు పెడతాయి. కూర్చున్నచోటు నుంచి లేవడం, మెట్లెక్కడం కష్టమవుతుంది.

ఏ ఎండ మంచిది?

లేత ఎండ హాయిగానే ఉంటుంది. కానీ సూర్యుడు కిందుగా ఉన్నప్పుడు కిరణాలు ఏటవాలుగా ఎక్కువ గాలి పొరల్ని దాటి రావాలి. ‘బి’ కిరణాల్ని చాలావరకు ఓజోన్‌ దారిలోనే పీల్చేసుకుంటుంది. తిరుపతిలో డాక్టర్‌ సి.వి.హరినారాయణ్‌ బృందం గంట గంటకూ పరీక్షించి చూసింది. 2013లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం, విటమిన్‌ తయారీ ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 2 గంటల మధ్యే ఎక్కువ.

గడియారం చూడక్కర్లేని గుర్తు ఒకటుంది. ఎండలో నిలబడి మీ నీడ చూసుకోండి. అది మీకంటే పొట్టిగా ఉంటే ఆ ఎండలో ‘డి’ తయారవుతుంది. పొడుగ్గా ఉంటే దక్కేది తక్కువే. లండన్‌లో చలికాలమంతా మధ్యాహ్నం కూడా నీడ పొడుగ్గానే ఉంటుంది. విశాఖలో డిసెంబరులోనూ మిట్టమధ్యాహ్నం నీడ మనిషికంటే పొట్టిగానే ఉంటుంది. ఆ అదృష్టాన్ని మనం వాడుకోవడంలేదంతే!

అద్దాల కిటికీ పక్కన కూర్చుంటే లాభంలేదు. వెలుగు, వేడి లోపలికొస్తాయిగానీ ‘బి’ కిరణాల్ని అద్దం ఆపేస్తుంది.

ఎవరికి తక్కువ?

హరినారాయణ్‌ బృందమే 2007లో ప్రచురించిన మరో అధ్యయనంలో, తిరుపతి పట్టణవాసులకంటే చుట్టుపక్కల పల్లెల్లో ఎండలో పనిచేసేవారిలో ‘డి’ ఎక్కువగా కనిపించింది. అయినా పల్లెల్లో కూడా చాలామందికి లోపం ఉంది. ఆడవాళ్లలో మరీ ఎక్కువ. ఒళ్లంతా కప్పే బట్టలుంటే ఎండ తగిలేది ముఖానికీ చేతులకే. పైగా చర్మం రంగు ముదురుగా ఉన్నకొద్దీ ఎక్కువసేపు ఎండ కావాలి. వయసు మీదపడితే చర్మంలోని ముడిసరుకే తగ్గిపోతుంది.

‘ఎండలో తిరగకే, నల్లబడతావ్‌’ అని ఆడపిల్లల్ని ఇంట్లో కూర్చోబెట్టే అమ్మలూ... రంగు సంగతి సరే, రేపు ఆ పిల్ల ఎముకల సంగతేంటి?

ఎంతసేపు?

చేతులు, కాళ్లు ఎండ తగిలేలా పావుగంట నుంచి అరగంట చొప్పున, వారంలో మూడునాలుగు రోజులు ఉంటే చాలామందికి మేలు. తలకు టోపీ పెట్టుకోండి, నీళ్లు తాగండి. చర్మం చురుక్కుమనకముందే నీడలోకి వచ్చేయండి. మే నెలలో వడదెబ్బ ముప్పు ఉంటుంది కాబట్టి కాస్త ముందుగా, నీడ పొట్టిగా మారిన వెంటనే ముగించండి. లూపస్‌ వంటి జబ్బులున్నవాళ్లు డాక్టర్ని అడగకుండా ఎండలో కూర్చోవద్దు. చంటిపిల్లల్ని నడినెత్తి ఎండలో పడుకోబెట్టొద్దు. వాళ్లకు మొదటి ఏడాది రోజూ 400 యూనిట్ల చుక్కలు వేయమని పిల్లల డాక్టర్లు చెబుతారు.

పెద్దలకు రోజుకు 600 యూనిట్లు కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సూచించింది. కవళ్లు, కానాగంతలు వంటి కొవ్వున్న చేపలు, గుడ్డులోని పచ్చసొన కొంత అందిస్తాయి. ఎండుచేపలు తినేవాళ్లు మాత్రం ఉప్పు సంగతి మరవకండి. బీపీ ఉంటే మరీ జాగ్రత్త.

ఒక్క హెచ్చరిక. ఎండలో ఎంతసేపున్నా విటమిన్‌ ‘డి’ మితిమీరదు. తయారీ ఒక స్థాయి దాటితే చర్మమే ఆ పదార్థాన్ని పనికిరాని రూపాల్లోకి మార్చేస్తుంది. మాత్రలకు ఆ పట్టింపు లేదు. వారానికొకటి వాడమన్న 60 వేల యూనిట్ల మాత్రను పొరపాటున రోజూ మింగితే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం మొదలవుతాయి. మూత్రపిండాలూ దెబ్బతినొచ్చు. కాబట్టి చీటీలో ‘వారానికి’ అని ఉందో, ‘రోజుకి’ అని ఉందో రెండుసార్లు చదవండి. పక్కింటివాళ్లు వాడుతున్నారని మీరూ మొదలుపెట్టకండి.