బొమ్మ రైలుకు సూర్యుడు

బొమ్మ రైలు పెట్టేవారికి పట్టాలమీద ఉన్న శ్రద్ధ దీపాలమీద ఉండదు. ఇంజను కొంటారు, పెట్టెలు కొంటారు, రంపపు పొట్టుకు పచ్చరంగు కలిపి పొలాలు పరుస్తారు. అంతా అయ్యాక గది మధ్య వేలాడే దీపం వేసి చూస్తే, మన తలల నీడలే స్టేషనుమీద పడతాయి. అప్పుడు గుర్తొస్తుంది దీపం సంగతి!

నిజానికి మొదలుపెట్టవలసింది అక్కడే. ఎందుకంటారా? కొట్లో దీపాలకింద నెమలికంఠం రంగులో మెరిసిన చీర, ఇంటికి తెచ్చి ఎండలో విప్పితే మరో రంగుగా కనిపించడం మన ఆడవారికి కొత్తగా చెప్పాలా? బొమ్మ కొండల గతీ అంతే. కిటికీ దగ్గర కూర్చుని కలిపిన పచ్చరంగు రాత్రి దీపం కింద బురదరంగు కావచ్చు. కాబట్టి ముందు దీపం బిగించండి. ఆ వెలుతురులోనే రంగులు కలపండి.

దీపం రంగును కెల్విన్లలో చెబుతారు. 2700 అంటే పాత బల్బుల పసుపు. 6500 అంటే మబ్బు పట్టిన పగలులాగ నీలిచాయ. పగటి దృశ్యానికి 4000కూ 5000కూ మధ్యది హాయిగా ఉంటుందని నా అభిప్రాయం. ఏది కొన్నా అంతటా ఒకటే వాడండి; లేకపోతే కొండ సగం పచ్చగా, సగం పాలిపోయి కనిపిస్తుంది. అట్టపెట్టెమీద సి.ఆర్.ఐ. అనే అంకె కూడా ఉంటుంది. అది 90 దాటాలి. చవకరకం దీపాల కింద ఇటుక గోడలూ, పాతకాలపు ముదురెరుపు పెట్టెలూ కళ తప్పుతాయి. ట్యూబులైటులో ఉండే అతినీలలోహిత కిరణాలకు రంగులు నానాటికీ వెలుస్తాయి కూడా. ఎల్.ఇ.డి. పట్టీలతో ఆ బాధ దాదాపు లేదు.

పట్టీని బల్ల ముందంచుకు పైన కట్టి, చూసేవారి కంట పడకుండా ఒక చెక్క అడ్డుపెట్టండి. విడివిడి బల్బులు వద్దు. ఆకాశాన సూర్యుడొక్కడే అయినప్పుడు, ఒక్కొక్క పెట్టెకు మూడేసి నీడలేమిటి?

జర్మనీలోని హాంబర్గులో 2001లో తెరిచిన మినియాటుర్ వుండర్‌లాండులో పావుగంటకొకసారి పగలూ రాత్రీ గడిచిపోతాయి. అది చూసినవారందరికీ తమ ఇంట్లోనూ రాత్రి కావాలనిపిస్తుంది. తప్పులేదు. ఒక నీలి పట్టీకి వేరే స్విచ్చి పెడితే వెన్నెల వస్తుంది. ఇళ్ళలో పెట్టే దీపాలతోనే కాస్త జాగ్రత్త! వెనకటి చిన్న బల్బుల వేడికి ప్లాస్టిక్ గోడలు వంగిపోయేవి. ఎల్.ఇ.డి.కి ఆ వేడి లేదు గాని, 12 వోల్టులు తిన్నగా ఇస్తే మాడిపోతుంది; ఒక్కొక్కదానికి వెయ్యి ఓముల రెసిస్టరు కలపాలి. గోడలకు లోపల నల్లరంగు పూయండి. లేకపోతే కిటికీలే కాదు, ఇల్లంతా కాగితపు లాంతరులా వెలుగుతుంది. పైగా ఎచ్.ఓ. కొలతలో, అంటే 87వ వంతులో, ఆరడుగుల మనిషి రెండు సెంటీమీటర్ల చిల్లర. అతగాడి వీధిదీపం మన కళ్ళు జిగేలుమనిపించకూడదు సుమండీ.

పట్టీ చుట్ట మొత్తం ఒకేసారి కొనకండి. ముందు ఒక్క మీటరు తెచ్చి, రాత్రిపూట గదిలో మిగతా దీపాలన్నీ ఆర్పి, దానికింద ఒక పెట్టె, ఒక ఇటుక గోడ, చిటికెడు గడ్డి పెట్టి ఇంటిల్లిపాదీ చూడండి.