కార్తీక సెలవులు – కెరటాల తీరు

కార్తీక పౌర్ణమి, గురునానక్ జయంతి ఒకే రోజున వస్తాయి కనుక మన కేంద్ర ప్రభుత్వరంగ సంస్థలకు అది సెలవు దినం. ఆ రోజు శుక్రవారమో సోమవారమో అయితే, జనరల్ షిఫ్టు వారికి మూడు రోజుల విరామం కలిసివస్తుంది. 2024లో నవంబరు 15 శుక్రవారం నాడు అట్లే జరిగింది. అటువంటి సెలవులలో విశాఖ తీరం కిటకిటలాడుతుంది. తెల్లవారుజామున సముద్రస్నానాలు, అరటి దొప్పలలో దీపాలు, ఆదివారం యారాడలోనో భీమిలిలోనో వనభోజనాలు మన కుటుంబాలు ఏడాదంతా ఎదురుచూసే వేడుకలు. వాటిని వద్దనడం మా ఉద్దేశం కాదు. ఆ మూడు రోజులూ సముద్రం తీరు ఎట్లా ఉంటుందో తెలుసుకొని బయలుదేరవలసిందని మాత్రమే మా మనవి.

ఆకాశం నిర్మలంగా ఉంటే సముద్రమూ శాంతంగానే ఉంటుందని మనలో చాలామంది నమ్మకం. అది సరికాదు. అక్టోబరు నుండి డిసెంబరు వరకు బంగాళాఖాతంలో తుపానుల కాలం. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్‌ను విశాఖవాసులెవరూ మరువలేరు. అయితే కెరటాలు పెరగడానికి తుపాను మన గుమ్మం దాకా రానవసరం లేదు. ఎక్కడో నడిసముద్రంలో వీచిన గాలికి లేచిన అలలు, ఆ గాలి ఆగిన పిదప కూడా ప్రయాణం సాగిస్తాయి. 12 సెకన్లకొక కెరటం చొప్పున వచ్చే అలల గుంపు లోతైన సముద్రంలో గంటకు సుమారు 34 కిలోమీటర్లు కదులుతుంది. అండమాన్ దీవులలోని శ్రీవిజయపురం (పూర్వపు పోర్ట్‌బ్లెయిర్) మనకు దాదాపు 1200 కిలోమీటర్ల దూరం. ఆ పరిసరాలలో శుక్రవారం ఉదయం లేచిన అలలు శనివారం సాయంత్రానికి మన ఇసుకను తాకగలవు. అప్పుడు మన నెత్తిన ఒక్క మబ్బు తునకైనా ఉండకపోవచ్చు.

దీనికి పౌర్ణమి పోటు తోడవుతుంది. విశాఖలో పౌర్ణమి, అమావాస్యల సమయంలో పోటుకూ పాటుకూ నీటిమట్టంలో తేడా సుమారు ఒకటిన్నర మీటరు. అష్టమి ప్రాంతంలో అందులో సగమైనా ఉండదు. పాటు వేళ నడిచివెళ్ళి ఫొటోలు దిగిన రాళ్ళ చుట్టూ కొన్ని గంటలలోనే నీరు చేరుతుంది. పోటు వేళ కూడా రోజుకు సుమారు 50 నిమిషాలు వెనుకకు జరుగుతుంది కనుక, నిన్న క్షేమంగా కూర్చున్న చోటు ఈనాడు అదే గంటకు క్షేమమని భావించరాదు.

అన్నిటికంటె ముఖ్యంగా తెలియవలసినది తిరుగు ప్రవాహం గురించి. కెరటాలు ఒడ్డుకు తోసిన నీరు మరల సముద్రంలోనికి పోవలసిందే. ఇసుకమేటల నడుమ ఎక్కడ పల్లం దొరికితే అక్కడ, సన్నని కాలువ వలె, వేగంగా వెనుకకు పారుతుంది. ఆ చోట లోతు ఎక్కువ, కెరటాలు విరగడం తక్కువ. అందుచేత చూసేవారికి అదే ప్రశాంతంగా కనిపిస్తుంది. పిల్లలను అక్కడే దించుతాము! ఇరువైపులా తెల్లని నురుగు ఉండి, నడుమ నీరు మట్టిరంగులో నునుపుగా ఉంటే, నురుగు ఒడ్డుకు రాక లోపలికి పోతుంటే, అది దిగరాని చోటు. ఆ ప్రవాహపు వేగం సెకనుకు 2 మీటర్లు దాటిన సందర్భాలున్నాయి. దానికి ఎదురీది నెగ్గడం గజ ఈతగాళ్ళకు కూడా సాధ్యం కాదు.

అయితే ఆ ప్రవాహం మనిషిని అడుగుకు లాగదు, దూరంగా తీసుకుపోతుంది, అంతే. చిక్కుకున్నవారు దానితో పెనుగులాడక, వెల్లకిలా తేలుతూ, చేయి ఎత్తి సాయం కోరాలి. శక్తి ఉంటే ఒడ్డుకు సమాంతరంగా ఈది, కెరటాలు విరిగే చోటికి చేరి, వాటితో పాటు ఒడ్డుకు రావాలి. ఒడ్డున ఉన్నవారు ఆత్రంతో వెంట దూకరాదు. ఒకరి కోసం వెళ్ళి మరొకరు మునిగిన విషాదాలు కలచివేసేవి. గాలి నింపిన ట్యూబు, తాడు, మూత బిగించిన ఖాళీ డబ్బా, ఏది అందుబాటులో ఉంటే అది విసరాలి. గజ ఈతగాళ్ళను పిలవాలి, 112కు ఫోను చేయాలి.

హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ అలల ఎత్తును ముందుగా ప్రకటిస్తుంది. ఆ ప్రకటనలో 2 మీటర్లని ఉంటే, అది అన్నిటికంటె పెద్దవైన మూడోవంతు అలల సగటు మాత్రమేనని గ్రహించాలి. నడుమ ఏదో ఒక కెరటం దానికి దాదాపు రెట్టింపు కూడా రావచ్చును. వాతావరణ శాఖ హెచ్చరికతో పాటు దీనిని కూడా బయలుదేరే ముందు ఒకమారు చూసుకోవడం మంచిది.

కర్మాగారంలో పర్మిట్ లేనిదే మనం ఏ పనికీ చేయి పెట్టము. పని చోటును ముందుగా పరిశీలించడం మనకు అలవాటైన విషయమే. తీరానికి చేరగానే అదే అలవాటుతో పది నిమిషాలు ఒడ్డున నిలబడి నీటిని గమనించండి. వెలుతురు వచ్చిన తరువాతనే స్నానానికి దిగండి. మోకాలి లోతు దాటవద్దు. పిల్లల చేయి వదలవద్దు. వనభోజనాలకు వెళ్ళే ప్రతి బృందంలోనూ నీటిలో దిగక ఒడ్డుననే ఉండి కాపు కాసేందుకు ఇద్దరిని ముందుగానే నియమించుకోండి. గంటకొకసారి వారిని మార్చుకుంటే ఎవరి వేడుకకూ లోటుండదు.

పాఠకులకు, వారి కుటుంబాలకు కార్తీక మాస శుభాకాంక్షలు.