90 సెంటీమీటర్ల సందు

ఈ మధ్య ఒక గృహకూడికలో ప్రసంగీకుడు సెల్‌ఫోన్ పైకెత్తి అందరికీ ఒక ఫొటో చూపించాడు. రెండు ఎత్తైన గోడల మధ్య ఒక్క మనిషి మాత్రమే పట్టే సందు, అందులో పైకి ఎక్కుతున్న రాతిమెట్లు. స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్ పాతపట్నంలో ఉందట. ఆ సందుకు పేరిచ్చిన వ్యాపారి గొప్ప ధనవంతుడనీ, ఇరుకు సందులో కొట్టు పెట్టుకున్నా ఇరుకు మార్గాన్ని వెదకలేదనీ, డబ్బు వెంట పరుగెడుతుంటే దేవుడు అతణ్ణి దారిలోనే మొత్తాడనీ ప్రసంగీకుడు చెప్పాడు. అందరూ ఆమేన్ అన్నారు. మేమూ అన్నాం.

వెనుక చాప మీద కూర్చున్న ఒక సోదరి తలవంచుకోవడం చూశాకగానీ మాకు గుర్తు రాలేదు. ఆమె భర్త చిన్న వ్యాపారి. రెండేళ్ల క్రితం బాకీలు వసూలు చేసుకుని మోటారు సైకిల్‌పై వస్తుండగా లారీ గుద్ది చనిపోయాడు.

ఆ రాత్రి ఇంటికి వచ్చి ఆ సందు కథేమిటో చదివాం. ప్రసంగంలో విన్నదానికంటే అసలు చరిత్రే ఎక్కువ ఆలోచింపజేసింది.

మోర్టెన్ ట్రోట్‌సిగ్ 1559లో జర్మనీలోని విట్టెన్‌బర్గ్‌లో పుట్టాడు. మన గుంటూరు, రాజమండ్రి లూథరన్ సంఘాల్లో పెరిగినవారికి ఆ ఊరి పేరు చెప్పనక్కర లేదు. ఏటా మతసంస్కరణ ఆదివారం నాడు వినేదే. లూథర్ మరణించిన పదమూడేళ్లకు, ఆయన బోధించిన ఊళ్లోనే పుట్టిన ఈ మోర్టెన్ 1581లో పొట్ట చేతపట్టుకుని స్టాక్‌హోమ్ చేరాడు. ఇనుము, రాగి వ్యాపారం చేశాడు. 1597లో, 1599లో ఈ సందులో ఆస్తులు కొని కొట్టు తెరిచాడు. పట్నంలోని పెద్ద ధనవంతుల్లో ఒకడయ్యాడు. 1617లో రాగిగనుల ప్రాంతమైన కొప్పర్‌బెర్గ్‌కు వెళ్లిన ప్రయాణంలో హత్యకు గురయ్యాడు. అతణ్ణి దారిలో మొత్తింది దేవుడు కాదు, మనుషులు. ఆ ఒక్కమాట మార్చి చెప్పినందుకే ప్రసంగం అంత రక్తికట్టింది.

సందు మాత్రం అతనికంటే పాతది. వెస్టర్‌లాంగ్‌గాటన్ అనే బజారు వీధి నుంచి మొదలై 36 మెట్లెక్కి ప్రెస్ట్‌గాటన్‌లో తేలుతుంది. ప్రెస్ట్‌గాటన్ అంటే పాదిరుల వీధి అని అర్థం. మధ్యయుగంలో బజారు వీధి కోటగోడకు వెలుపల, పాదిరుల వీధి లోపల ఉండేవి. సందు దిగువన ఉన్న చౌకు పేరు యార్న్‌టొరియెట్, అంటే ఇనుము అమ్మే చోటు. ఎగువన నాలుగడుగులు వేస్తే జర్మన్ చర్చి. వలస వచ్చిన జర్మన్లకు 1571లోనే అక్కడ సొంత సంఘం ఏర్పడింది. కింద తక్కెడ, పైన ప్రార్థన, మధ్యలో ఈ మెట్లు. సందు బాగా ఇరుకైన చోట వెడల్పు 90 సెంటీమీటర్లు, అంటే మూడడుగులకు కాస్త తక్కువ. ఎదురెదురుగా వచ్చినవారిలో ఒకరు పక్కకు ఒత్తిగిల్లాల్సిందే.

19వ శతాబ్దం మధ్యలో ఈ సందుకు రెండు చివరలా కంచె వేసి మూసేశారు. దాదాపు వందేళ్లు దారిగా ఎవరికీ పనికిరాకుండా పడివుంది. 1945లో మళ్లీ తెరిచారు. 1949లో పాత వ్యాపారి పేరునే అధికారికంగా ఖాయం చేశారు. ఇప్పుడు యాత్రికులు వరుసకట్టి ఫొటోలు తీసుకుంటున్నారు. ఆ ఫొటోల్లో ఒకటే మన గృహకూడిక దాకా వచ్చింది.

విట్టెన్‌బర్గ్ నుంచి ఇదే పట్నానికి అంతకుముందు మరొకాయన వచ్చాడు. పేరు ఓలవస్ పెట్రి. పుట్టుకతో స్వీడన్‌వాడే. లూథర్ ఉన్నరోజుల్లో విట్టెన్‌బర్గ్‌లో చదివి, స్టాక్‌హోమ్‌లో సంస్కరణ సువార్త ప్రకటించాడు. 1526లో స్వీడిష్ భాషలో కొత్త నిబంధన వెలువడడంలో ఆయన చెయ్యి ఉంది. రాజు గుస్తావ్ వాసాతో చెడి 1540లో మరణశిక్ష పడితే, స్టాక్‌హోమ్ పురప్రముఖులు పెద్దమొత్తం జరిమానా కట్టి ఆయన్ను బతికించుకున్నారు. కొట్లలో, తక్కెడల దగ్గర సంపాదించిన డబ్బు కూడా అందులో లేకుండా ఉండదు. ప్రసంగీకుణ్ణి మరణశిక్ష నుంచి తప్పించిన డబ్బును ఏ ఇరుకు మార్గపు ప్రసంగంలోనూ ఎవరూ తలచుకోరు!

యేసుక్రీస్తు ఇరుకు ద్వారం గురించి చెప్పింది (మత్తయి 7:13-14) వింటున్నవారిని అందులో ప్రవేశించమని పిలవడానికి. చచ్చిపోయినవాడి భుజాలు ఆ ద్వారంలో పట్టాయా లేదా అని కొలవడానికి టేపు ఇవ్వలేదు. ట్రోట్‌సిగ్ ఎంత భక్తిపరుడో, ఎంత లోభియో ఆ ప్రసంగీకుడికేం తెలుసు? హత్య జరిగింది కాబట్టి పాపి, సందు ఇరుకు కాబట్టి గుర్తు – ఇంతే కదా లెక్క. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయినప్పుడు సరిగ్గా ఈ లెక్కనే ప్రభువు కాదన్నాడు (లూకా 13:1-5). వారు తక్కినవారికంటే పాపులని అనుకుంటున్నారా అని అడిగి, కాదని తానే జవాబిచ్చాడు. ఆ వచనం మన బల్లల మీదున్న ప్రతి బైబిల్‌లోనూ ఉంది. అయినా ఎవరింట్లో చావు జరిగినా మనం దాన్ని తిప్పి చదవం.

మరుసటి వారం ప్రసంగీకుడితో ఈ మాటే అన్నాం. “ఉదాహరణే కదండీ, అంత లోతుగా వెళ్లడం దేనికి?” అని ఆయన నవ్వేశాడు. మాకు నవ్వు రాలేదు. ఆయన్ను తప్పుపట్టేంత యోగ్యత కూడా మాకు లేదు, ఆ రాత్రి ఆమేన్ అన్నవారిలో మేమూ ఉన్నాం.

ఆ సోదరి ఇంటికి వెళ్లి క్షమించమని అడిగాం. ఆమె మంచినీళ్లిచ్చి, ఆ సందు గురించి చదివిందంతా చెప్పమంది. చెప్పాం: విట్టెన్‌బర్గ్, కొట్టు, 36 మెట్లు, కొప్పర్‌బెర్గ్ ప్రయాణం. అంతా విని కాసేపు ఊరుకుంది.

“ఆయన వస్తాడని ఆ సందులో ఎన్నాళ్లు ఎదురుచూశారో కదా అన్నగారూ, ఇంట్లోవాళ్లు” అంది.