పక్క వీధి బడి

భర్తకు బ్యాంకులో బదిలీ అయి, ప్రకాశం జిల్లాలో ఒక చిన్న మండల కేంద్రానికి కాపురం మార్చిన సోదరి ఒకరు ఈ వారం పెద్ద జాబు వ్రాశారు. అమ్మాయి మూడో తరగతికి వచ్చింది. పక్క వీధిలోనే మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల ఉన్నది. పట్నంలో ఇంగ్లీషు మీడియం బడికి పంపాలంటే పచ్చ బస్సులో రానూ పోనూ రెండు గంటలు. పదో తరగతి ఫలితాల్లో మన మండలం ముందున్నది, నిశ్చింతగా ఇక్కడే చేర్పించమని ఇరుగుపొరుగువారు అంటున్నారట. అత్తగారు ససేమిరా అంటున్నారట.

అత్తగారి సంగతి నేను తీర్చలేను గాని, ఇరుగుపొరుగువారి మాటకు జవాబు చెప్పగలను. పదో తరగతి ఫలితం చూసి మూడో తరగతి పిల్లను బడిలో వెయ్యడం, పెద్దకొడుకు ఉద్యోగం చూసి చిన్నకొడుక్కు పిల్లనివ్వడం లాంటిది. పదో తరగతి ఉండేది జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో. ఆ బడి వేరు, ఆ పంతుళ్ళు వేరు. మండలంలో ఏ గురుకులమో ఉంటే, ఎక్కడెక్కడి నుంచో వచ్చి హాస్టల్లో చదివే పిల్లల మార్కులు కూడా మండలం ఖాతాలోనే పడతాయి.

పైగా ఆ శాతాలు ఎంత నిలకడగలవో చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతి ఉత్తీర్ణత 2019లో 94.88 శాతం. 2022లో 67.26. మళ్ళీ 2024లో 86.69, 2025లో 81.14. మూడేళ్ళలో రాష్ట్రంలోని పిల్లలందరూ మొద్దులైపోయి, మరో రెండేళ్ళకు తెలివిమంతులయ్యారని అనుకుందామా? మధ్యలో కరోనా వచ్చి బడులు మూతపడ్డాయి. పదకొండు ప్రశ్నపత్రాలు ఏడైనాయి. రాష్ట్రం సంగతే ఇట్లా ఉంటే చిన్న బడి సంగతి చెప్పనక్కరలేదు. తొమ్మిదిమంది పరీక్షకు కూర్చున్న చోట ఒక్క కుర్రవాడు జ్వరంతో తప్పితే నూరు శాతం కాస్తా 89కి దిగుతుంది. ఆ ఏడు పంతులుగారికి మొట్టికాయలు, మరుసటి ఏడు శాలువా!

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి గిన్నెంతా కుమ్మరించం కదా, ఒక మెతుకు పట్టి చూస్తాం. చదువులో ఆ మెతుకు ఏమిటంటే, మూడో తరగతి పిల్ల రెండో తరగతి పాఠం గడగడా చదవగలదా లేదా అన్నది. ప్రథమ్ అనే సంస్థవారు 2005 నుంచి పల్లెటూళ్ళలో ఇళ్ళకే వెళ్ళి, పిల్లల చేత ఇటువంటి చిన్న కథ చదివించి, తీసివేత లెక్క చేయించి చూస్తున్నారు. దేశం మొత్తం మీద ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో ఆ కథ చదవగలిగినవారు 2018లో నూటికి 20.9 మంది, 2022లో 16.3, 2024లో 23.4. పెరిగిందని సంతోషించవలసిందే. కాని నలుగురిలో ముగ్గురికి ఇంకా రాదన్న మాట. అత్తగారికి ఈ అంకెలు చూపించేముందు ఒక మాట: ప్రైవేటు బడుల్లోనూ సగానికి పైగా పిల్లలకు రాలేదు. పచ్చ బస్సు ఎక్కినంత మాత్రాన చదువు వచ్చెయ్యదు.

ఎందుకు రాదంటారా? పంతుళ్ళను తిట్టేముందు కాగితం తీసుకుని లెక్క వెయ్యండి. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం అయిదో తరగతి లోపు పిల్లలకు ఏడాదికి 200 పనిదినాలు, 800 గంటల బోధన. అంటే రోజుకు నాలుగు గంటలు. అరవైమంది లోపు పిల్లలుంటే ఇద్దరు ఉపాధ్యాయులు. ఇద్దరూ కలిసి రోజుకు ఎనిమిది గంటలు చెబితే, అయిదు తరగతులకు పంచగా ఒక్కో తరగతికి వచ్చేది గంటా ముప్ఫై ఆరు నిమిషాలు. ఒకరు సెలవు పెడితే నలభై ఎనిమిది నిమిషాలు. తక్కిన వేళంతా పిల్లలు పలకమీద దిద్దుకుంటూ కూర్చోవాలి. రెండేసి తరగతులను కలిపి కూర్చోబెట్టి నేర్పుగా చెప్పే పంతుళ్ళూ లేకపోలేదు. వారికి దణ్ణం పెట్టాలి.

అసలు గుట్టు ఇక్కడే ఉన్నది. స్తోమత గలవారు పిల్లలను బస్సెక్కిస్తారు. బడిలో తల తగ్గుతుంది. తలల లెక్కన ఇచ్చే పోస్టు తగ్గుతుంది. పోస్టు తగ్గిందని మిగిలినవారూ బస్సెక్కిస్తారు. చివరకు ఆ బడిలో మిగిలేది కూలికి పోయేవారి పిల్లలు. వారి తరఫున అడిగే నోరు ఉండదు.

కాబట్టి అమ్మా, ఊరి మాట నమ్మి చేర్చకండి, ఊరి మాట నమ్మి మానకండి. ముందు ఆ బడిలో మూడో తరగతి ఉన్నదో లేదో కనుక్కోండి. 2022లో 3, 4, 5 తరగతులను దగ్గరి ఉన్నత పాఠశాలల్లో కలిపే పద్ధతి పెట్టారు. 2025లో దాన్ని ఎత్తివేసి బడులను మళ్ళీ సర్దారు. ఉంటే, మధ్యాహ్న భోజనం వేళకు వెళ్ళి ఎందరికి వండారో అడగండి. హాజరు పట్టీ కంటే ఆ లెక్క నిజం చెబుతుంది. ప్రధానోపాధ్యాయుల అనుమతితో మూడో తరగతి పిల్లలు నలుగురి చేత తెలుగు వాచకం చదివించండి. ఇద్దరు తడబడకుండా చదివితే, ఆ బడి దేశపు సగటు కంటే మేలని ధైర్యం తెచ్చుకోవచ్చు.

చేర్చిన తరువాత పాఠశాల యాజమాన్య కమిటీ ఎన్నిక ఎప్పుడో అడగడం మరువకండి. ఆ కమిటీలో నూటికి డెబ్బై అయిదుగురు పిల్లల తల్లిదండ్రులే కావాలని, సగం మంది స్త్రీలు కావాలని చట్టంలోనే ఉన్నది. మీ జాబు చూస్తే మీకు అడగవలసినదేదో అడగడం వచ్చునని తెలుస్తూనే ఉన్నది. అత్తగారిని కూడా ఒకసారి ఆ భోజనం వేళకు వెంటబెట్టుకు వెళ్ళండి.