చలి హెచ్చరిక ఫోన్‌కు వస్తది, వేడినీళ్లు హాస్టల్‌కు రావు



డిసెంబర్ రాంగనే ఎల్లో అలర్ట్, ఆరెంజ్ అలర్ట్ అని మెసేజులు మొదలైతయి. "ఈ మాత్రం చలికి ఇంత లొల్లెందుకు?" అని మనోళ్లే కొందరు అంటున్నరు. పాలకుర్తి దగ్గర తండాలో పుట్టి, హాస్టల్‌లో చదివినదాన్ని కాబట్టి నాకు తోచింది రాస్తున్న.

వాతావరణ శాఖ ఊరికే అలర్ట్ ఇయ్యదు. మైదాన ప్రాంతంలో సాధారణంగా రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీలకో, ఇంకా కిందికో పడాలె. అది మామూలు కన్నా కనీసం 4.5 డిగ్రీలు తక్కువ ఉండాలె. అప్పుడే దాన్ని శీతల గాలులు అంటరు. ఆదిలాబాద్, సిర్పూర్ (యు) దిక్కు చలి వేరు, మన పాలకుర్తి చలి వేరు. టీవీలు మాత్రం "తెలంగాణ గజగజ" అని అందరినీ ఒక్కగాటన కడతయి. రోజూ అదే వింటే నిజంగ చలి ముదిరిననాడు ఎవరు పట్టించుకుంటరు?

హెచ్చరికతోని పని జరిగితేనే లాభం. యాసంగి నారు పోసిన రైతుకు చలి ముదురుతదని ముందే తెలిస్తే, రాత్రి నారుమడి మీద పట్టా కప్పుతడు, పొద్దుగాల చల్లటి నీళ్లు తీసేసి కొత్త నీళ్లు పెడతడు. మా యాడి గూడ అట్లనే నారు కాపాడుకున్నది. నారుకున్న ఏర్పాటు హాస్టల్ పిల్లకు లేదు. నేను చదివిన హాస్టల్‌లో పొద్దుగాల ఐదింటికి సంపు నీళ్లతోనే తానం. కిటికీకి తలుపు లేదు. ఒక్క చెద్దరు ఇద్దరం కప్పుకునేటోళ్లం. అలాంటి చోట "పిల్లలు జాగ్రత్త" అనే మెసేజ్ ఎవరికి?

ఎండాకాలం చూడండి. మార్చి వస్తే ఒంటిపూట బడులు, ఉపాధి పని పొద్దుగాలకే మార్చుడు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు. కేంద్రం విపత్తుల జాబితాలో చలిగాలులు ఎప్పటినుంచో ఉన్నయి. వడగాలి అందులో లేకుంటే మన రాష్ట్రమే 2025లో రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది. అంటే కాగితం మీద చలి ముందున్నది, ఏర్పాట్లలో వెనుకబడ్డది.

కాబట్టి హెచ్చరికలు వద్దనకండి. ఆరెంజ్ అలర్ట్ వచ్చిననాడు హాస్టల్‌లో వేడినీళ్లు, బడి టైం వెనక్కి, పిల్లకో చెద్దరు: ఈ మూడూ అలర్ట్‌తోపాటే ఆర్డర్‌గా రావాలని అడుగుదాం. దుప్పట్లు జనవరి చివర్ల పంచితే ఏం ఫాయిదా?

మీ హాస్టల్‌లో పొద్దుగాల వేడినీళ్లు ఉన్నయా, లేవా? ఊరు, మండలం పేరుతో రాయండి. అందరియి కలిపి వినతిపత్రం తయారు చేద్దాం.