మిగులు వేరు, ఎంగిలి వేరు

‘పెద్దల మాట చద్దిమూట’ అని తెలుగువారి సామెత. పెద్దల మాటకు సాటి చెప్పవలసి వచ్చినప్పుడు ఈ జాతికి స్ఫురించినది అప్పటికప్పుడు వండి వార్చిన పంచభక్ష్య పరమాన్నం కాదు. రాత్రి మిగిలి, తెల్లవారి చేనికి పోయే వాని చేతిలో మూటగా మారిన అన్నం. పోతన భాగవతంలో గోపబాలకులు అడవిలో వలయంగా కూర్చుండి ఆరగించినవి చల్దులే. ఆ వలయం నడుమ కూర్చున్నవాడు శ్రీకృష్ణుడు. ఇంతటి ఆదరం పొందిన పదార్థం ఈనాడు పట్టణాలలోని అనేక గృహాలలో పేరెత్తడానికే నామోషీ అయినది. పండుగ మరునాటి ఉదయం వీధి చివరి చెత్తకుండీని చూచినవారికి ఈ మాట వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ విషయంలో భాష మనుష్యులకంటె జాగ్రత్తగా ఉన్నది. నిన్న వండినది చద్ది. ఒకరు తిని విడిచినది ఎంగిలి. చెడి వాసన వచ్చినది పాచి. మూడింటికి మూడు మాటలున్నవి. విస్తరిలోనికి రాక పాత్రలోనే నిలిచినది ఎంగిలి కాదు. వేళకు చల్లార్చి మూతవేసి దాచినది పాచి కాదు. మూడింటిని ఒకే గాట కట్టి, మిగిలినదంతా పారవేయదగినదే అనుకొనడం వలననే నష్టమంతా కలుగుతున్నది. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో వెలువరించిన నివేదికను బట్టి 2022లో ప్రపంచమంతటా 105 కోట్ల టన్నుల ఆహారం వ్యర్థమైనది. అందులో సుమారు 60 శాతం వ్యర్థమైనది హోటళ్ళలోను, పెళ్ళి పందిళ్ళలోను కాదు, ఇండ్లలో.

తెలుగువారి పండుగ వంటలలో మరొక విశేషమున్నది. వాటిలో అధికభాగం పప్పుధాన్యాలతో చేసినవి. గారెలకు మినపపప్పు, బూరెలకు బొబ్బట్లకు శనగపప్పు, వడపప్పుకు పెసరపప్పు, వాయనానికి శనగలు, పులిహోరలోనికి వేరుశనగగుండ్లు. శరీరానికి కండపుష్టినిచ్చే మాంసకృత్తులు, అనగా ప్రోటీనులు, వీటిలో పుష్కలంగా ఉన్నవి. వంద గ్రాముల ఎండు మినపపప్పులో సుమారు 23 గ్రాములు, శనగపప్పులో 21, పొట్టు తీయని శనగలలో 18, వేరుశనగలో 24 గ్రాముల చొప్పున అవి ఉంటాయి. బియ్యంలో ఉండేవి ఏడెనిమిది గ్రాములు మాత్రమే. పండుగనాడు నేతితోను బెల్లంతోను కూడినవి ముందుగా చెల్లిపోతాయి. నానిన శనగలు, రుబ్బిన పిండి, ఉడికిన పప్పు, పప్పు వార్చిన కట్టు మిగిలిపోతాయి. బలమిచ్చేది మిగిలిపోయి, మోజు తీర్చేది మాత్రం ఖర్చయిపోవడం ఇంటింటా జరిగే విచిత్రం. మిగిలినదానిని చిరుతిండిగా మార్చడమంటే పారవేయవలసినదానికి అతుకులు వేయడమని కొందరి అభిప్రాయం. అది సరి కాదు. పండుగ భోజనంలో శ్రేష్ఠమైన భాగాన్ని దాని యోగ్యతకు తగిన చోట కూర్చుండబెట్టడమే ఆ పని.

శ్రావణమాసాన్ని తీసుకొని చూడవచ్చును. మంగళగౌరీ నోములకు, పౌర్ణమికి ముందు శుక్రవారం నాటి వరలక్ష్మీ వ్రతానికి పేరంటాలు జరుగుతాయి. వాయనంలో తాంబూలంతోపాటు నానిన శనగలు ఇస్తారు. నాలుగిండ్లకు వెళ్ళి వచ్చిన గృహిణి కొంగులో శేరెడు శనగలు పోగవుతాయి. ఆ సాయంకాలం ఒకసారి తాళింపు వేసి గుగ్గిళ్ళు చేస్తారు. మరునాడు ఇంటిల్లిపాదికీ వాటిపై విముఖత కలుగుతుంది. మూడవనాటికి నీరు జిగటగా మారి అవి చెత్తకుండీ పాలవుతాయి. ఎండు శనగలు నానితే తూకం ఇంచుమించు రెట్టింపవుతుంది. కనుక నానిన శనగలు నూరు గ్రాములంటే ఎండువి ఏబది గ్రాములు. వాటిలో తొమ్మిది గ్రాముల మాంసకృత్తులు. భారత వైద్య పరిశోధన మండలి 2020లో నిర్ణయించిన ప్రకారం పెద్దలకు దేహపు బరువులో కిలో ఒక్కింటికి దినానికి 0.83 గ్రాములు అవసరం. ఏబదియైదు కిలోల బరువున్న స్త్రీకి ఇది సుమారు 46 గ్రాములు. అనగా రెండు గుప్పెళ్ళ వాయనపు శనగలు ఆమె దినావసరంలో ఐదవ వంతును తీర్చగలవు.

వాటిని పారవేయకుండా వాడుకొనడానికి పెద్ద పాకశాస్త్ర ప్రావీణ్యం అక్కరలేదు. వాయనపు శనగలు పలు చేతులు మారి వస్తాయి. పసుపు కుంకుమలు అంటి ఉంటాయి. కాబట్టి మొదట బాగుగా కడిగి నీరు వార్చవలెను. ఆనాటికి అక్కరకు రానివానిని అప్పుడే రిఫ్రిజిరేటరులో ఉంచవలెను. మరునాడు రెండు పాళ్ళ శనగలకు ఒక పాలు నానిన బియ్యం చేర్చి, అల్లం, పచ్చిమిరపకాయ, జీలకర్రతో రుబ్బి అట్లు పోస్తే బడినుండి వచ్చిన పిల్లలు వాటిని చద్ది అనరు. ఉడికించి, చిదిపి, ఉల్లిపాయ, కొత్తిమీర చేర్చి పెనంమీద బిళ్ళలుగా కాల్చవచ్చును. గుడ్డలో మూటకట్టి ఒక దినం ఉంచితే మొలకలు వస్తాయి. ఎండు గింజలో లేని సి విటమిను మొలకలో పుడుతుంది. పిల్లలకు పెట్టేటప్పుడు వాటిని కొంచెం ఆవిరిపై మగ్గించి పెట్టడం మేలు.

గారెల సంగతి వేరు. ‘తింటే గారెలే తినాలి’ అన్న జాతికి అవి మిగలడమే అరుదు; మిగిలితే పెరుగులో వేసి ఆవడలు చేయడం పాతకాలంనుండి ఉన్నదే. ఆ పెరుగు కూడ మాంసకృత్తులను చేరుస్తుంది. అయితే ఒకసారి పీల్చిన నూనె ఏ ఉపాయానికీ బయటకు రాదు. కాబట్టి వేయించిన గారెకంటె మిగిలిన పిండిమీదనే దృష్టి నిలుపవలెను. ఆ పిండిని పునుగులు వేసి మరల నూనె పాలు చేయడంకంటె, గిన్నెలో నీరు మరిగించి, మూతికి వాసెన కట్టి, దానిపై పిండి పరచి ఆవిరి కుడుము వండడం ఎంతో మేలు. చుక్క నూనె లేదు. మినుముల సత్తువ అంతా ఉన్నది. అల్లపు పచ్చడి తోడైతే రుచికీ కొరత లేదు.

బొబ్బట్ల విషయానికి వస్తే, శనగపప్పు ఉడికించి వార్చిన కట్టును చారుగా కాచే అలవాటు రాయలసీమలోను తెలంగాణంలోను నేటికీ ఉన్నది. భక్ష్యాలు చేసిననాడు ఆ చారు లేకుంటే పండుగ పూర్తికానట్లే భావించే కుటుంబాలున్నవి. నీటిలో కరిగే బి విటమినులు, లవణాలు కొంత ఆ కట్టులోనికి దిగుతాయి. కట్టును పారబోసి బొబ్బట్టును మాత్రమే దాచేవారు ఈ సంగతి గమనింపవలెను. బెల్లం కలిపిన పూర్ణాన్ని మాత్రం ఎన్ని పేర్లు పెట్టి పిలిచినా బలవర్ధకమైన చిరుతిండి అనరాదు. అది తీపి పదార్థమే. బెల్లం వేయక ముందే నాలుగు గరిటెల పప్పు విడిగా తీసి, మరునాడు గోధుమపిండిలో మెదిపి, ఆ పిండిని కట్టుతోనే కలిపి రొట్టెలు కాల్చవచ్చును. తృణధాన్యానికి కొరతగా ఉన్న లైసిన్‌ను పప్పు ఇస్తుంది. పప్పులో తక్కువగా ఉన్న మెథియోనిన్‌ను ధాన్యం ఇస్తుంది. పప్పూ అన్నం కలిపి తినే ఆచారంలో ఇమిడిన శాస్త్రం ఇదే.

అన్నంవద్ద మాత్రం జాగరూకత అవసరం. వండినా చావని సూక్ష్మజీవుల బీజాలు అన్నంలో ఉండగలవు. వెచ్చని చోట గంటల తరబడి విడిచిపెట్టితే అవి వృద్ధిపొంది విషపదార్థాన్ని పుట్టిస్తాయి; మరల వేడిచేసినంత మాత్రాన ఆ విషం పోదు. పూర్వులు అన్నాన్ని తరవాణిలోను మజ్జిగలోను ఉంచేవారు. ఆ పులుపు పలు సూక్ష్మజీవులను అణచేది. పులిహోరకు చింతపండు చేసే సాయమూ కొంతవరకు అదే. అట్టి రక్షణ లేని తెల్లన్నాన్ని, ఉడికిన పప్పును వండిన రెండు గంటలలోపుగా చల్లని చోటికి చేర్చవలెను; ఒకటి రెండు దినాలలో ముగించవలెను; తినేముందు పొగలు వచ్చేవరకు కాచవలెను. సందేహం కలిగినదానిని పొదుపు పేరిట తినడం పొదుపు కాదు.

ఇంతవరకు చెప్పినది వంట సంగతి. దీనికంటె ముఖ్యమైన ప్రశ్న మరొకటి ఉన్నది. మిగిలినది ఇంతకాలంగా ఎవరి పాలవుతున్నది? అందరికీ వడ్డించి చివర కూర్చుండే ఇల్లాలి పాలు. ఆమెకును మించినది ఇంట పనిచేసే స్త్రీ పాలు. అదియును తాజాగా ఉన్నప్పుడు కాదు. ఇంటివారు రెండు మూడు దినాలు చూచి, ఇక తినరని తేలిన తరువాత. తాము వాసన చూచి మొగం చిట్లించుకొన్న గిన్నెను వేరొకరి చేతిలో పెట్టి దానమనుకొనడం ఎంతమాత్రం న్యాయం కాదు. పంచదలచినవారు పండుగనాడే, తాము తినేదానిలోనుండే తీసి పంచవలెను. మిగిలినదానిని ఇంటి యజమాని మొదలు పసివాని వరకు అందరూ ఒకే పంక్తిలో తినవలెను. రుచికరమైన కొత్త వంటకంగా మారిననాడే అది సాధ్యం. ఆవిరి కుడుము, శనగల అట్టు కేవలం ఆరోగ్య సాధనాలు కావు. ఇంటిలో ఒక మనిషికి మాత్రమే కేటాయింపబడిన చద్ది వాటాను అందరికీ సమంగా పంచే సాధనాలు.

ఈ పనిలో పాఠశాలకు భాగమున్నది. 1918లో కూనూరులో చిన్న పరిశోధన కేంద్రంగా మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ తెలుగు గడ్డమీదనే ఉన్నది. ఏ ధాన్యంలో ఏమున్నదో తెలిపే పట్టికలను అది దశాబ్దాలుగా ప్రకటిస్తూ వస్తున్నది. ఆ పట్టికనుండి నాలుగు పంక్తులు నల్లబల్లమీద వ్రాసి, వాయనపు శనగల లెక్క కట్టించితే గణితమూ, ప్రకృతిశాస్త్రమూ ఒకేసారి బోధపడతాయి. సంక్రాంతి సెలవులు ముగిసి బడులు తెరచిననాడు ‘మా ఇంట పండుగ’ అని వ్యాసం వ్రాయించడం ఉపాధ్యాయులకు వాడుక. పిల్లలు తిన్న వంటకాల పేర్లన్నీ వరుసగా వ్రాస్తారు. ఆ వ్యాసం చివర మరి రెండు ప్రశ్నలు చేర్చవచ్చును: మరునాడు ఏమి మిగిలినది? దానిని ఎవరు తిన్నారు? రెండవదానికి సమాధానం వ్రాయడానికై పిల్లవాడు వంటింటిలోనికి వెళ్ళి తల్లిని అడుగవలసి వస్తుంది.