నీటి మీటరు కూడా తూనికరాయే

యెరూషలేము కూలిపోయాక మిగిలిన జనం దేవుని ముందు చెప్పుకున్న బాధల్లో ఒకటి మన ప్రసంగాల్లో పెద్దగా వినిపించదు. తమ నీళ్లనే తాము డబ్బిచ్చి తాగవలసి వస్తోందని వాళ్లు మొరపెట్టుకున్నారు (విలాప. 5:4). చంద్రపూర్‌లోని మన తెలుగు ఇళ్లలో పాణీపట్టీ బిల్లు వచ్చినప్పుడు ఆ మొర ఎంత పాతదో అర్థమవుతుంది. అయితే మనం మొరపెడతాం గాని బిల్లు చదవం. కింద ఉన్న మొత్తం చూసి కట్టేస్తాం, లేదంటే తిట్టుకుని పక్కన పెడతాం.

దీనికి కారణం ఉంది. బొగ్గు గనులకో, రైల్వేకో, బల్లార్‌పూర్ కాగితం మిల్లుకో వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి. ఇంట్లో తెలుగు, బజారులో హిందీ, బిల్లు మీద మరాఠీ. కంపెనీ క్వార్టర్‌లో ఉన్నన్నాళ్లు నీటి బిల్లు గురించి ఆలోచించని మనిషి, రిటైరై సొంత ఇంటికి వచ్చాక మొదటిసారి దాన్ని చేతిలో పట్టుకుంటాడు. తెలియని భాషలో ఉన్న లెక్కను ప్రశ్నించే ధైర్యం పేదవాడికి రాదు. అన్యాయం చొరబడేది అక్కడే.

కాబట్టి ముందు చదువుదాం. 'మాగీల్ వాచన్' అంటే పోయినసారి రీడింగు. 'చాలూ వాచన్' అంటే ఇప్పటి రీడింగు. రెంటికీ ఉన్న తేడాయే మనం వాడిన నీరు. ఒక యూనిట్ అంటే 1,000 లీటర్లు. సాధారణంగా మీటరు మీద నల్ల అంకెలు యూనిట్లు, ఎర్రవి అందులో భాగాలు. పోయిన నెల 412, ఈ నెల 430 ఉంటే 18 యూనిట్లు, అంటే 18,000 లీటర్లు. అయిదుగురున్న ఇంట్లో 30 రోజులకు ఇది మనిషికి రోజుకు 120 లీటర్లు. భూగర్భ డ్రైనేజీ ఉన్న నగరాలకు కేంద్రం పెట్టిన ప్రమాణం 135 లీటర్లు. కనుక ఈ వాడకం సబబే. అదే ఇంటికి 35 యూనిట్లు పడితే మాత్రం ఆగి చూడాలి.

మొదట లీకేజీ చూడండి. నీళ్లు వచ్చే వేళ అన్ని కుళాయిలూ, ట్యాంకు వాల్వూ కట్టేసి మీటరు వైపు చూడండి. ఇంకా తిరుగుతుంటే ఎక్కడో కారుతున్నట్టే. గంటకు 20 లీటర్ల బకెట్ నిండేంత ధార రోజంతా కారితే నెలకు 14 యూనిట్లు దాటుతుంది. రెండోది 'సరాసరి'. మీటరు ఆగిపోయినా, ఇంటికి తాళం ఉన్నా అంచనా మీద బిల్లు వేస్తారు. మీటరు ఆగితే లాభమనుకునే వాళ్లు ఇది గమనించాలి. మూడోది 'థక్‌బాకీ', అంటే పాత బాకీ. దాని మీద జరిమానా కలిస్తే ఈ నెల వాడకం చిన్నదైనా మొత్తం పెద్దదవుతుంది. రోజూ కాసేపే నీళ్లు వదిలే చోట పైపులో నిండిన గాలి కూడా మీటరును తిప్పగలదు.

ప్రతినెలా ఒకే తేదీన మీటరుకు ఫోటో తీసి పెట్టుకోండి. బిల్లు తప్పనిపిస్తే నోటితో గొడవపడకుండా మరాఠీలో రాసిచ్చి 'పోచ్' తీసుకోండి. రీడింగు వివరాలు అడగడానికి 2005 సమాచార హక్కు చట్టం ఉంది. ప్రభుత్వ సేవలు గడువులోగా అందాలని అడగడానికి మహారాష్ట్రలో 2015 సేవా హక్కు చట్టం ఉంది.

ఇది విశ్వాసానికి సంబంధించిన సంగతేనా అని అడిగేవారికి లేవీయకాండము 19:35-36 చూపిస్తాను. అక్కడ దేవుడు త్రాసును, గుండ్లను మాత్రమే కాదు, ద్రవాలు కొలిచే హీనును కూడా న్యాయంగా ఉంచమన్నాడు. నీటి మీటరు మన కాలపు హీను. ఆ ఆజ్ఞ అధికారికే కాదు, మనకూ వర్తిస్తుంది. మెయిన్ లైనుకు టుల్లు పంపు బిగించి లాగే విశ్వాసి, వీధి చివరి ఇంటి బిందెను ఖాళీ చేస్తున్నాడు. పగిలిన పైపు పక్కన మురుగు ఉంటే దాన్నీ లోపలికి లాగుతున్నాడు. మీటరును మాయచేసి ఆదివారం కానుక వేస్తే ఆ లెక్క సరిపోదు.

అలాగని మీటరు పెడితే న్యాయం జరిగినట్టే అని కూడా అనుకోవద్దు. జోహానెస్‌బర్గ్ దగ్గరి సోవెటోలో, ఫిరి అనే చోట ప్రీపెయిడ్ మీటర్లు పెట్టారు. అప్పట్లో నెలకు 6,000 లీటర్ల ఉచిత నీరు అయిపోతే, డబ్బు వేసేదాకా కుళాయి వచ్చేది కాదు. పేదలు కోర్టుకెక్కారు. 2009లో రాజ్యాంగ న్యాయస్థానం నగరపాలక సంస్థ వైపే తీర్పిచ్చింది. హైదరాబాదులో 2021 జనవరిలో నెలకు 20,000 లీటర్ల ఉచిత నీటి పథకం మొదలైంది. మిగతా ఇళ్లకు పనిచేసే మీటరు షరతు పెట్టి, బస్తీలకు ఆ షరతు లేకుండా చేశారు. పరికరం అలాంటిదే. అది ఎవరి పక్షాన నిలబడాలో నిర్ణయించేది దాని వెనుక ఉన్న నియమం.

మన ఊళ్లో ఆ ప్రశ్న ఇంకా పెద్దది. ఇరయి డ్యామ్ నీటినే థర్మల్ విద్యుత్ కేంద్రమూ, నగరమూ పంచుకుంటున్నాయి. 2010 వేసవిలో నీరు చాలక విద్యుత్ యూనిట్లను ఆపవలసి వచ్చింది. ఎండాకాలంలో మన ఇంటి బకెట్లు లెక్కపెట్టేవాళ్లను, పెద్ద పైపుల లెక్క కూడా చూపమని అడగాలి. 1927 మార్చి 20న ఇదే రాష్ట్రంలోని మహాడ్‌లో అంబేడ్కర్ చవదార్ చెరువు నీళ్లు తాగినప్పుడు అడిగింది దాహం తీర్చమని కాదు, సమాన హక్కును గుర్తించమని.

యౌవనస్థులారా, మీరు మరాఠీ మాధ్యమంలో చదివారు, మీ చేతిలో ఫోను ఉంది. నెలకు ఒక ఆదివారం ఆరాధన అయ్యాక అరగంట సంఘం వరండాలో బల్ల వేసుకుని కూర్చోండి. అమ్మమ్మలు, రిటైరైన తాతయ్యలు, అద్దె ఇళ్లలోని అక్కలు బిల్లులు తెస్తారు. మతం అడగకుండా వీధివాళ్లనూ రానివ్వండి. రీడింగు చూసి చెప్పండి, అవసరమైతే అర్జీ రాసిపెట్టండి. చిన్నవారికి గిన్నెడు చన్నీళ్లిచ్చినా దేవుడు మరచిపోడని యేసు చెప్పాడు. ఆ గిన్నెడు నీళ్ల లెక్క సరిగ్గా ఉండేలా చూడడం కూడా ఆ పరిచర్యలో భాగమే.